ములుగు చుట్టూ రెండు రోజులు: గుడికంటే ముందు చెరువుకట్ట ఎక్కండి

ప్రశ్న: మాది హైదరాబాద్. నేను, మా ఆయన, పదమూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, 68 ఏళ్ల మా అమ్మ. రెండు రోజులు ములుగు వైపు వద్దామనుకుంటున్నాం. జనం తక్కువగా ఉండే చెరువులు, పాత గుళ్లు నెమ్మదిగా చూడాలని మా కోరిక. రామప్ప, లక్నవరం, మేడారం, బొగత నాలుగూ ఒక్క రోజులో అయిపోతాయని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? అమ్మకి మోకాళ్ల నొప్పి. పిల్లలు చెరువులో దిగొచ్చా? బాబుకి నీళ్లలో తేలే ఇటుక చూడాలని ఒకటే పట్టు.

సమాధానం:

ఒక్క రోజులో అయిపోతాయమ్మా. కాకపోతే ఆ రోజు మీరు ఎక్కువగా చూసేది కారు అద్దంలోంచి రోడ్డునే. రామప్పలో నలభై నిమిషాలు, లక్నవరంలో వంతెన మీద ఒక సెల్ఫీ, మేడారంలో గద్దెలకు ఒక దండం, బొగత చేరేసరికి పొద్దు వాలుతుంది. అమ్మగారు మాత్రం వెనక సీట్లోంచి దిగనే దిగరు. బొగత వాజేడు మండలంలో ఉంది. ములుగు నుంచి ఏటూరునాగారం దాటి, గోదావరి మీద వంతెన దాటి పోవాలి. దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. వానాకాలంలో దానికోసమే ఒక రోజు రండి.

నా సంగతి ఒక మాట చెప్పి మొదలుపెడతాను. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ చెరువుల కట్టల మీదే తిరిగి రిటైరైనవాణ్ణి. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఏ ఊరికి పోయినా ముందు తూము ఎక్కడుందో వెతుకుతాను, తర్వాతే గుడి. అందుకే నా సలహాలు కొంచెం చెరువు వైపే మొగ్గుతాయి, ఏమీ అనుకోవద్దు. కానీ ఇక్కడి గుళ్లు అర్థం కావాలన్నా కట్ట ఎక్కాల్సిందే. ఎందుకో రామప్ప దగ్గర చెబుతాను.

ముందు ఏ రోజుల్లో రావాలో తేల్చుకోండి. మీరు అడిగిన ప్రశాంతత ఊరిని బట్టి కంటే వారాన్ని బట్టి ఉంటుంది. శని, ఆదివారాలు రామప్పలో బస్సుల మీద బస్సులు దిగుతాయి. లక్నవరం సంగతి చెప్పనే అక్కర్లేదు. మీరు ఆదివారం పొద్దున బయల్దేరి సోమవారం రాత్రికి ఇల్లు చేరేలా పెట్టుకోండి. పిల్లలకు ఒక రోజు బడి పోతుంది, పోనివ్వండి. ఆదివారం సాయంత్రం జనమంతా హైదరాబాద్ దారి పడితే మీరు ఇక్కడే ఉండిపోతారు, సోమవారం పొద్దున చెరువు మొత్తం మీదే. ఒక్క కార్తీక మాసంలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. రామప్ప శివుడి గుడి కాబట్టి కార్తీక సోమవారం తెల్లవారుజామునే దీపాలతో జనం నిండిపోతారు, ఆదివారాల్లో వనభోజనాలు ఉంటాయి. ఆ నెలలో వస్తే మంగళ, బుధవారాలు చూసుకోండి. ఇంకోటి, మేడారం జాతర. 2024, 2026, ఇలా రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరుగుతుంది. ఆ నెల ముందు నుంచే భక్తులు మొక్కులకు వస్తుంటారు. జాతర రోజుల్లో ఈ హైవే మీద కారు కంటే నడిచేవాడే ముందు పోతాడు. జాతర చూడాలని వస్తే అది వేరే ప్రయాణం. చెరువుల కోసమైతే ఆ నెల వదిలేయండి.

కాలం విషయానికొస్తే, నన్నడిగితే అక్టోబరు చివర నుంచి జనవరి దాకా. వానలు తగ్గి, చెరువులు నిండుగా ఉండి, గట్ల మీద గడ్డి ఇంకా పచ్చగా ఉంటుంది. ఆగస్టులో చెరువు మత్తడి దుంకుతుంటే చూడాలని చాలామందికి ఉంటుంది. కోస్తా వైపు అలుగు పారడం అంటారు కదా, మేం మత్తడి అంటాం. అది చూడదగ్గ దృశ్యమే, కాదనను. కానీ 2023 జులై చివర్లో మా ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో వాగులు ఊళ్ల మీద పడ్డ రాత్రులు చూసినవాణ్ణి, పిల్లలతో పెద్దవాళ్లతో ముసురు రోజుల్లో రమ్మని చెప్పలేను.

ఇక దారి. హైదరాబాద్ నుంచి హనుమకొండ దాకా మీకు తెలిసిందే. వేయిస్తంభాల గుడి, కోట ఈసారికి వద్దు, అవి వరంగల్ ప్రయాణంలో చూసుకోవాల్సినవి. హనుమకొండ నుంచి ములుగు యాభై కిలోమీటర్లు. గూడెప్పాడ్ క్రాస్ దగ్గర ఎడమకు పోతే పరకాల, భూపాలపల్లి. మీరు నేరుగా రండి. కాసేపటికి హైవే పక్కనే కటాక్షపురం చెరువు వస్తుంది. నూటికి తొంభైమంది ఇక్కడ ఆగరు, మీరు ఆగండి. చెరువు పక్కనే కాకతీయుల నాటి పాత గుళ్లు ఉన్నాయి. అలంకారం పెద్దగా ఉండదు, టికెట్టూ గైడూ ఉండరు. స్తంభాల మధ్య గాలి ఆడుతుంది, ఎదురుగా నీళ్లు. పెద్ద వానలు పడ్డప్పుడు ఈ చెరువు నీళ్లు హైవే మీదుగా పారి రాకపోకలు ఆగిపోయిన రోజులు నాకు బాగా గుర్తు. రెండు వైపులా లారీలు బారులు తీరి ఉంటే మేం గొడుగులు పట్టుకొని నీటి లోతు కొలిచేవాళ్లం. అమ్మగారికి కాళ్లు చాపుకోవడానికి కూడా ఇది సరైన చోటు. అరగంట చాలు.

మధ్యాహ్నానికి ములుగు చేరతారు. 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది గానీ స్వభావానికి ఇప్పటికీ చిన్న ఊరే. భోజనం ఇక్కడే చేసి, పెట్రోలు ఇక్కడే పోయించుకోండి. ముందుకు పోయేకొద్దీ హోటళ్లు తగ్గుతాయి, దొరికినచోట కూడా ముందుగా చెబితేనే వండిపెడతారు.

భోజనమయ్యాక నేరుగా రామప్పకు పోవద్దు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ జాతరలాగే ఉంటుంది. జంగాలపల్లి దగ్గర హైవే వదిలి, వెంకటాపూర్ మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేట దాటుకొని గణపురం పోండి. కొందరు ఘనపూర్ అంటారు. భూపాలపల్లి జిల్లాలోకి వస్తుంది, పాలంపేట నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. దారికి రెండు వైపులా వరి, మిరప, పత్తి. అక్కడ కోటగుళ్లు ఉన్నాయి. చుట్టూ గోడ ఉండడం వల్ల ఆ పేరొచ్చింది. లోపల నడుమ గణపేశ్వరాలయం, చుట్టూ చిన్నవీ పెద్దవీ గుళ్లు, అన్నీ కలిపి ఇరవై రెండు అని లెక్క. గణపతిదేవుడి పేరు మీద కట్టినవి. ఆయన ఓరుగల్లును ఏలింది 1199 నుంచి 1262 దాకా.

రామప్పలో ఉన్నంత నునుపు ఇక్కడ లేదు. చాలా గుళ్లు కూలిపోయాయి, కొన్ని ఒరిగి ఉన్నాయి. కానీ నాకు ఇష్టమైంది అదే. రామప్పలో రాయి తల పైన ఉంటుంది, ఇక్కడ పడిపోయిన రాయి మీ మోకాలి ఎత్తులో ఉంటుంది. ఒక దూలం ఎలా చెక్కారు, కింది రాతిలో పైరాయి కూర్చోవడానికి గాడి ఎలా తీశారు అన్నీ వంగి చూడొచ్చు. మీ పాప చేత ఆ గాడిలో వేలు పెట్టించండి, స్తంభం మీద దూలం ఎందుకు జారదో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. పెద్ద గుడికి చూరు కింద ఏనుగు మీద నిలబడ్డ సింహరూపాలు ఉంటాయి, గజకేసరులు అంటారు. ముఖం మనిషిది, ఒళ్లు సింహానిది ఉన్న బొమ్మను వెతకమని బాబుకి పందెం కట్టండి, పావుగంట మీకు తీరిక.

సాయంత్రం ఐదింటికి గణపురం చెరువు కట్ట మీదికి రండి. గణపసముద్రం అంటారు. గుళ్ల పేరూ చెరువు పేరూ ఒకే రాజుది. కట్ట మీద ఒక చిన్న గూడు, దానికి పసుపు, కుంకుమ, వేపమండ కనిపిస్తే అది కట్టమైసమ్మ. తెలంగాణలో చెరువు ఉన్నచోటల్లా ఆమె ఉంటుంది. కట్ట తెగకుండా కాసే తల్లి. మేం ఇంజినీర్లతో కలిసి మరమ్మతు మొదలుపెట్టే రోజు కూడా ముందు ఆమెకు కొబ్బరికాయ కొట్టాకే గడ్డపార వేసేవాళ్లం. మీరు వచ్చేది బతుకమ్మ రోజుల్లో అయితే ఇక్కడి నుంచి కదలొద్దు. చీకటి పడే వేళకు తంగేడు, గునుగు పూల బతుకమ్మలు ఒక్కొక్కటే నీళ్ల మీదికి జారుతుంటాయి.

రాత్రి బసకు రామప్ప చెరువు గట్టునే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. గదులు కొన్నే, కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి. దొరక్కపోతే ములుగులో లాడ్జీలున్నాయి, సౌకర్యాలు మామూలే. అమ్మగారికి మంచి మంచం, వేడినీళ్లు తప్పదంటే హనుమకొండలో ఉండి తెల్లారే బయల్దేరాలి. కానీ అలా చేస్తే నేను చెప్పబోయే పొద్దు మీకు దొరకదు.

సోమవారం ఆరింటికి లేవండి. టీ తాగకుండానే కట్ట ఎక్కండి.

చలికాలమైతే నీళ్ల మీద పొగలాగ మంచు ఉంటుంది. అవతలి గుట్టలు ఉన్నట్టూ లేనట్టూ ఉంటాయి. ముందు శబ్దం వస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. తెప్ప మీద కూర్చొని రాత్రి వేసిన వలను లాగుతుంటాడు. నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంటాయి. కాసేపటికి గట్టు మీద కాంటా పెడతారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, అదృష్టం ఉంటే కొర్రమీను. బేరం మొదలయ్యాక చెరువు మామూలు చెరువైపోతుంది. ఆ ముందరి అరగంట కోసమే మిమ్మల్ని నిద్ర లేపుతున్నాను.

మంచు విడిపోయాక కట్ట మధ్యలో నిలబడి చుట్టూ చూడండి. మూడు వైపులా గుట్టలు. మనిషి కట్టింది ఆ నాలుగో వైపు, రెండు గుట్టల నడుమ ఉన్న సందు ఒక్కటే. రమారమి రెండు వేల అడుగుల కట్ట. అంత చిన్న కట్టతో అంత నీళ్లు నిలిపారు. ఇప్పుడు మా డిపార్టుమెంటులో ఇలాంటి చోటు వెతకాలంటే ఉపగ్రహ చిత్రాలు, సర్వే మిషన్లు కావాలి. వాళ్లు గుట్ట ఎక్కి, వాన వచ్చినప్పుడు నీళ్లు ఏ వాలున పోతున్నాయో చూసి పట్టుకున్నారు. ఇక వెనక్కి తిరిగి పొలాల వైపు చూడండి. తూము నుంచి కాలువ బయల్దేరి ఎటు పోతోందో కంటితోనే పట్టుకోవచ్చు. కాలువ వదిలిన జనవరిలో వస్తే యాసంగి నాట్లు పడుతుంటాయి. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూసే మనిషిని మా దగ్గర నీరటి అంటారు. భుజాన పార వేసుకొని గట్ల మీద తిరుగుతుంటాడు. తీరిగ్గా ఉన్నప్పుడు పలకరించండి, ఏ గైడూ చెప్పని చెరువు కథ చెబుతాడు. ఈ మధ్య కాలంలో దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు కూడా ఇందులోకి వస్తున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కింద కట్టిన చెరువును కొత్త పథకానికి రిజర్వాయరుగా వాడుకుంటున్నారంటే, ఆ చోటు ఎంపికకు ఇంతకంటే సర్టిఫికెట్ ఏముంటుంది?

ఇప్పుడు గుడికి రండి. చెరువు నుంచి దగ్గరే. ఏడున్నర, ఎనిమిది మధ్య లోపలుండాలి. తూర్పు ముఖం గుడి కాబట్టి అప్పుడు ఎండ ఏటవాలుగా పడుతుంది. పదకొండు తర్వాత రాతి మీద చెక్కిన గీతలు చదునైపోతాయి, నేల కాలుతుంది.

లోపలికి పోగానే అందరూ గుడి వైపు పరుగెత్తుతారు. మీరు ముందు ఆవరణలో ఒక పక్కనున్న చిన్న మండపంలో శాసనం దగ్గరికి పోండి. నాలుగు వైపులా చెక్కిన నిలువు రాయి. శక సంవత్సరం 1135, అంటే మన లెక్కలో 1213. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించి, గుడి ఖర్చులకు ఊళ్లు రాసిచ్చాడని అందులో ఉంది. గుడి అసలు పేరు అందుకే రుద్రేశ్వరాలయం. రామప్ప అనేది శిల్పి పేరని జనం నోట ఉన్న మాట. మాకు గుడీ రామప్పే, చెరువూ రామప్పే. ఈ రుద్రుడు మామూలు సేనాని కాదు. గణపతిదేవుడు దేవగిరి యాదవుల చెరలో ఉన్నప్పుడు రాజ్యం చెదిరిపోకుండా నిలబెట్టినవాడు. అలాంటి మనిషి తన పేరు నిలవడానికి ఏం చేశాడు? గుడి కట్టాడు, చెరువు తవ్వించాడు. కొడుకుతో పాటు చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం కూడా సంతానమే అని, సప్త సంతానాలు అని మన పెద్దవాళ్లు అనేవారు కదా, ఆ లెక్కే ఇది. గుడికి దీపం వెలగాలంటే ఊళ్లో పంట పండాలి, పంటకు నీళ్లు కావాలి. రాసిచ్చిన ఊళ్లలో నీళ్లు లేకపోతే ఆ దానానికి అర్థం లేదు. అందుకే మిమ్మల్ని ముందు కట్ట ఎక్కమన్నాను. చెరువు చూడకుండా గుడి చూసి పోతే జమాఖర్చుల పుస్తకంలో ఖర్చు పేజీ ఒక్కటే చూసినట్టు.

గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద ఉంటుంది, నక్షత్రంలా అంచులు లోపలికీ బయటికీ మడతలు పడి ఉంటాయి. ఆ అరుగు మీద ఒక చుట్టు తిరగండి. గోడ అడుగున ఏనుగుల వరుస నడుస్తుంది. ఒకదానిలా ఇంకోటి ఉండదంటారు. నిజమో కాదో తేల్చే పని పిల్లలకు అప్పగించండి, మా మనవరాలు నలభై దాకా లెక్కపెట్టి ఓడిపోయింది. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, పన్నెండు మంది. నల్లటి రాయి, అద్దంలా నునుపు. వాళ్లలో ఒకామె మడమ ఎత్తుగా ఉన్న పాదరక్షలు తొడుక్కొని ఉంటుంది. ఆమెను చూపించి 'హైహీల్స్ మనవాళ్లవే' అని గైడు అనకుండా ఉండడు. నేనైతే ఆ మెళ్లోని హారం చూడమంటాను. పొద్దుటెండలో హారం నీడ ఆమె ఒంటి మీద పడుతుంది. అంటే రాతి హారానికీ రాతి ఒంటికీ మధ్య చోటు ఉందన్నమాట. లోపలి స్తంభాల మీద నాట్యం, మద్దెలలు, కోలాటం. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఈ భంగిమల్నీ, గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని రాసిన నృత్తరత్నావళినీ ఆధారం చేసుకున్నారు. పాప డాన్స్ నేర్చుకుంటుంటే ఇక్కడ గంట కూర్చోబెట్టినా లేవదు.

ఒక విన్నపం. ద్వారం పక్కన వేణుగోపాలుడి చెక్కడం ఉంటుంది, దాని మీద వేలితో తడితే సంగీతం పలుకుతుందని ఎవరో ఒకరు తట్టి చూపిస్తారు. పలుకుతుంది, నిజమే. కానీ రోజుకు వందమంది తడితే ఆ రాయి ఎన్నాళ్లుంటుంది? వీడియోలో వినండి, చాలు. 2021 జులైలో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చాక తట్టే వేళ్లు కూడా పెరిగాయి.

నంది దగ్గర మాత్రం ఆగండి. నంది మండపం కప్పు లేదు, ఆకాశం కింద కూర్చుంటాడు. చెవులు నిక్కబొడుచుకొని, పిలుపు వినగానే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుంటాడు. మెడలో గంటల పట్టీ ఎలా ముడి వేశారో కూడా తెలుస్తుంది.

ఇక బాబు అడిగిన ఇటుక. ఉన్నమాట చెబుతాను, చిన్నబుచ్చుకుంటాడేమో. ఆ తేలికపాటి ఇటుకలు శిఖరంలో ఉన్నాయి, మనకు అందవు. కింది గోడలు, స్తంభాల మీద బరువు తగ్గాలని పైన రాతికి బదులు గుల్ల ఇటుక వాడారు. నీటికంటే తేలిక కాబట్టి తేలుతుంది. ఎవరైనా బకెట్టులో ముక్క వేసి చూపిస్తామంటే డబ్బులివ్వకండి, గుడి ఇటుక ముక్క ఊడబీకేవాళ్లను మనమే పెంచినట్టవుతుంది. దాని బదులు ఇంట్లో ఒక ప్రయోగం చేయించండి. ఒక బంకమట్టి ముద్ద మామూలుగా, ఇంకో ముద్దలో రంపపు పొట్టు బాగా కలిపి ఆరబెట్టి, రెండూ చేత్తో తూకం చూడమనండి. కాల్చినప్పుడు పొట్టు మండిపోయి ఆ చోటంతా గాలి గుల్లలు మిగులుతాయని చెబితే సగం రహస్యం వాడికి తెలిసినట్టే. కాకతీయులు సరిగ్గా ఏం కలిపారన్నది పరిశోధకులు చూసుకుంటారు.

పైన తేలిక ఇటుక, కింద పునాదిలో ఇసుక. గొయ్యి తవ్వి ఇసుక నింపి, గట్టిపరిచి, దాని మీద గుడిని కూర్చోబెట్టారు. శాండ్‌బాక్స్ అంటారు ఇప్పుడు. నేల కదిలితే ఇసుక సర్దుకుంటుంది. లోపల నేల రాళ్లు అక్కడక్కడా కుంగి, కొన్ని దూలాలు పగిలి కనిపిస్తాయి, అయినా గుడి నిలబడే ఉంది. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నరకు మా జిల్లాలోనే కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. నేను టీ గ్లాసు పట్టుకొని వాకిట్లో ఉన్నాను. గిన్నెలు గలగలమన్నాయి, కుక్కలు ఒక్కసారి మొరిగి ఆగిపోయాయి. ఇంట్లోవాళ్లంతా బయటికొచ్చాక మా ఆవిడ అడిగిన మొదటి మాట, 'రామప్పకేం కాలేదు కదా' అని.

పదింటికల్లా గుడి నుంచి బయటపడండి. ఇక్కడి నుంచి మీ ఓపికను బట్టి రెండు దారులు.

పిల్లలు వంతెన, పడవ అంటే లక్నవరం. జంగాలపల్లి దగ్గర మళ్లీ హైవే ఎక్కి, చల్వాయి దగ్గర కుడికి తిరిగి బుస్సాపూర్ మీదుగా పోవాలి. ఇదీ కాకతీయుల చెరువే, ఇదీ గుట్టల మధ్యదే. లోపల పదమూడు దాకా దీవులు, తీగల వంతెన, కాటేజీలు. అందమైన చోటే. కానీ దాన్ని ప్రశాంతమైన చెరువు అని నేననను. పాటలు పెట్టిన బోట్లు తిరుగుతుంటాయి. సోమవారం కాబట్టి మీరు తట్టుకోగలరు. వంతెన ఊగుతుంది, అమ్మగారు ఎక్కనంటే బలవంతం చేయకండి, గట్టున చెట్టు నీడలో కుర్చీ వేసుకున్నా అదే నీళ్లు.

నన్ను ఎంచుకోమంటే పాకాల. ములుగు నుంచి వెనక్కి మల్లంపల్లి వచ్చి, అక్కడి నుంచి నర్సంపేట, అక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. మీకు తిరుగు దారిలోనే కలుస్తుంది, నర్సంపేట నుంచి నేరుగా వరంగల్ పోవచ్చు. దీన్ని కూడా గణపతిదేవుడి కాలంలోనే, జగదాల ముమ్మడి అనే మంత్రి కట్టించాడు. చుట్టూ అభయారణ్యం. కట్ట దాకా కారు పోతుంది, కాబట్టి మోకాళ్లకు శ్రమ లేదు. భోజనం నర్సంపేటలో కట్టించుకొని పోయి అక్కడ తినండి, విస్తరాకులు, ప్లాస్టిక్ మాత్రం తిరిగి కారులోకే రావాలి. మధ్యాహ్నం రెండింటికి ఆ కట్ట మీద కూర్చుంటే గాలి, నీళ్లు, ఎక్కడో ఒక పిట్ట. మీరు ప్రశ్నలో రాసిన 'ప్రశాంతత' నాకు తెలిసినంతలో అదే.

ఇంకా చాలా ఉన్నాయి గానీ మీ రెండు రోజుల్లో ఇమడవు. ములుగు మండలం కొత్తూరు దగ్గర దేవునిగుట్ట మీద ఇసుకరాతి గుడి ఉంది, కాకతీయుల కంటే శతాబ్దాల ముందుది. గోడకు రాళ్ల మీద రాళ్లు పేర్చి, అవన్నీ కలిపి ఒకే బొమ్మగా చెక్కారు. గుట్ట ఎక్కాలి, దారి తెలిసిన ఊరివాళ్లు వెంట ఉండాలి, అమ్మగారితో కుదరదు. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రంగు బొమ్మలు, తాడ్వాయి వైపు దామరవాయిలో రాక్షసగుళ్లు, అంటే ఆదికాలపు రాతి సమాధులు. మీ ఆయన, పాప మళ్లీ వస్తామంటే అప్పుడు అడగండి, వాటి గురించి విడిగా రాస్తాను.

చిన్న చిన్న సంగతులు. రామప్పలో కోతులుంటాయి, చేతిలో కవర్ కనిపిస్తే లాక్కుపోతాయి. తినేవి బ్యాగులో, జిప్పు వేసి. చెప్పులు అరుగు కిందే వదలాలి, అమ్మగారికి మందం సాక్సు ఒక జత పెట్టండి. అరుగు మెట్లు ఎత్తుగా ఉంటాయి, మీ ఆయన ముందు, మీరు వెనక. ఎక్కలేనంటే నంది పక్కనే కూర్చోబెట్టండి, అక్కడి నుంచి ముందు భాగం అంతా కనబడుతుంది. దోమల మందు మరిచిపోవద్దు, అడవి పక్క ఊళ్లు ఇవి. తాడ్వాయి దాటితే ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి. డ్రోన్ తెస్తానని మీ ఆయన అంటే ఇంట్లోనే పెట్టించండి, అనుమతి లేకుండా ఎగరేస్తే గుడి దగ్గర తీసేసుకుంటారు.

పిల్లలు చెరువులో దిగొచ్చా అన్నారు. వద్దు. ఈ చెరువులు స్విమ్మింగ్ పూల్ లాగ వాలుగా లోతెక్కవు. కట్ట రాళ్ల నుంచి ఒక అడుగు వేస్తే రెండో అడుగుకు నేల ఉండదు. శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా చెరువు నీళ్లు పరుచుకునే నేల వైపు, లోతు తక్కువే కానీ బురద, పైగా నీళ్లలో కనబడని వలలు. తూము దగ్గర నీళ్లు పైకి నిమ్మళంగా ఉంటాయి, అడుగున లాగుతుంటాయి. మత్తడి బండ మీద నాచు సంగతి నన్నడగండి. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, నీటిమట్టం చూసే రాయి దగ్గరికి రోజూ పోయేవాణ్ణి, ఒక సెప్టెంబరులో చెప్పులతోనే నాలుగడుగులు వేశాను. ఐదోది పడలేదు. ఎడమ మణికట్టు విరిగి నెలన్నర కట్టుతో తిరిగాను, ఇప్పటికీ వాన పట్టే ముందు అది నాకు చెబుతుంది. పిల్లలకు నీళ్ల సరదా తీరాలంటే పొలాల్లోకి పోయే పిల్లకాలువ ఉంది. మోకాలి లోతు కూడా ఉండదు, చల్లగా పారుతుంటుంది. రైతును ఒక మాట అడిగి, ప్యాంట్లు పైకి మడిచి దింపండి. మీరు గట్టు మీద కూర్చోండి.